సోటోకు 15 ఏళ్ల ఒప్పందం, 765 మిలియన్లు: తెలివా, తెగింపా?

క్వీన్స్ కోమలి
8 డిసెంబర్ 2024, రాత్రి 11.25

వచ్చేశాడు! బేస్‌బాల్ బ్యాటరు హువాన్ సోటో ఇక మా న్యూయార్క్ మెట్స్ ఆటగాడు. 15 ఏళ్లు, 765 మిలియన్ డాలర్లు. ఒక్క డాలరు కూడా తర్వాత ఇస్తామని వాయిదా వేయలేదట. సంతకం పెట్టినందుకే 75 మిలియన్లు. పిల్లలు నిద్రపోతున్నారని దిండు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను. మా వారు ఉలిక్కిపడి లేచి వచ్చి, ఇండియా నుంచి ఫోను వచ్చిందా, ఎవరికి ఏమైంది అని కంగారుపడ్డారు.

రేపు మీరంతా వచ్చి ఇది పిచ్చి పని అంటారని తెలుసు. అనండి. ఈ రాత్రికి మాత్రం నా జోలికి రాకండి.

బ్రాంక్స్ భీముడు
8 డిసెంబర్ 2024, రాత్రి 11.52

రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చాను. మా యాంకీస్ 16 ఏళ్లకు 760 ఇస్తామందని వార్తలు చెబుతున్నాయి. ఈ ఏడాది 41 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) మా చొక్కా వేసుకుని కొట్టాడు, మమ్మల్ని వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, ఇప్పుడు నదికి అవతలి గట్టున కాపురం పెట్టాడు. కుటుంబానికి స్టేడియంలో ఉచితంగా ప్రత్యేక గది కావాలని అడిగాడట, మావాళ్లు కుదరదన్నారట. కట్నం దగ్గర కుదిరి, ఆడపడుచు లాంఛనాల దగ్గర చెడిపోయిన సంబంధం ఇది.

పిట్స్‌బర్గ్ పానకాలు
9 డిసెంబర్ 2024, ఉదయం 6.40

శుభోదయం. పైరేట్స్ జట్టు తన చరిత్రలో ఒక ఆటగాడికి రాసిచ్చిన అతి పెద్ద ఒప్పందం బ్రయన్ రెనాల్డ్స్‌ది. 8 ఏళ్లకు 106.75 మిలియన్లు. సోటోకు సగటున రెండేళ్లలో అంతకు కాస్త తక్కువ వస్తుంది. ఆఫీసుకు వెళ్లొస్తాను.

లెక్కల మాస్టారు
9 డిసెంబర్ 2024, ఉదయం 9.15

కోమలి గారికి అభినందనలు. రాత్రి గడిచింది కాబట్టి లెక్క మొదలుపెడతాను.

765ను 15తో భాగిస్తే ఏడాదికి 51 మిలియన్లు. సీజనుకు 162 ఆటలు. అన్నీ ఆడితే ఆటకు 3,15,000 డాలర్లకు కొంచెం తక్కువ. రూపాయల్లో మొత్తం ఆరున్నర వేల కోట్ల దాకా ఉంటుంది. అయిదేళ్లు ఆడి, 2029 సీజను తర్వాత నచ్చకపోతే వెళ్లిపోయే వెసులుబాటు సోటోకు ఉంది. వెళ్లవద్దు అనుకుంటే మెట్స్ మిగిలిన పదేళ్లకూ ఏడాదికి 4 మిలియన్ల చొప్పున పెంచాలి. అప్పుడు మొత్తం 805 అవుతుంది.

అంకె చూసి గుండెలు బాదుకునే ముందు వయసు చూడండి. బేస్‌బాల్‌లో ఆటగాడు పెద్ద లీగులో ఆరేళ్ల సర్వీసు పూర్తి చేసే దాకా మొదటి జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస వేతనం, ఆ తర్వాత మధ్యవర్తి తేల్చిన జీతం. మామూలు ఆటగాడు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు పైకి వస్తాడు. ఆరేళ్లు గడిచి స్వేచ్ఛ దొరికేసరికి ముప్పై ఏళ్లు మీద పడతాయి. అంటే ఫ్రీ ఏజెంట్ బజారులో అమ్మకానికి వచ్చేదంతా చాలావరకు మధ్యాహ్నం దాటిన కూరగాయలే. సోటో 19 ఏళ్లకే వాషింగ్టన్ నేషనల్స్‌లోకి వచ్చాడు. ఇప్పుడు 26. ఇలాంటి వాడు ఈ వయసులో బజారుకు రావడం అరుదు. 2000లో అలెక్స్ రోడ్రిగెజ్ 25 ఏళ్లకు వచ్చాడు, టెక్సస్ రేంజర్స్ 10 ఏళ్లకు 252 మిలియన్లు ఇచ్చింది. అప్పుడూ ఇదే గోల.

ఇంకొక మాట. 2019లో నేషనల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సిరీస్ మధ్యలోనే సోటోకు 21 ఏళ్లు నిండాయి. మూడు హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది అతని జీతం కనీస వేతనం కంటే ఏమంత ఎక్కువ కాదు. అప్పట్లో కనీసం 5,55,000 డాలర్లు. కాబట్టి నా దృష్టిలో ఈ 765లో ఒక భాగం రేపటి ఆటకు కాదు, నిన్నటి కూలి బకాయి. పని చేయించుకున్నది వాషింగ్టన్, బకాయి తీర్చేది న్యూయార్క్. అదే తమాషా.

కొత్త కుందేలు
9 డిసెంబర్ 2024, ఉదయం 10.02

నమస్కారం. నేను ఎమ్మెస్ చేయడానికి వచ్చి నాలుగు నెలలైంది, క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. మొన్న జెద్దాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌కు 27 కోట్లు అంటేనే మా హాస్టల్ పాత మిత్రుల గ్రూపులో రాత్రంతా వాదన. ఇక్కడ ఆరున్నర వేల కోట్లు అంటున్నారు. నా సందేహాలు రెండు. మోకాలు విరిగి ఆడకపోయినా డబ్బు ఇస్తారా? ఐపీఎల్‌లో జట్టుకు 120 కోట్లే కదా పర్సు, ఇక్కడ అలాంటి గీత లేదా?

లెక్కల మాస్టారు
9 డిసెంబర్ 2024, ఉదయం 10.30

ఇస్తారు బాబూ. ఆడినా, మంచాన పడినా, ఫామ్ పోయి బెంచి మీద కూర్చున్నా ఒప్పందంలో రాసిన డబ్బు రాసినట్టే ఇవ్వాలి. గీత లేదు, పన్ను ఉంది. 2024లో జట్టు జీతాల మొత్తం 237 మిలియన్లు దాటితే, దాటిన దాని మీద లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. ఏటేటా దాటితే శాతం పెరుగుతుంది. కోమలి గారి జట్టు యజమాని స్టీవ్ కోహెన్‌కు ఆ పన్ను కాఫీ ఖర్చు. ఆయన 2020లో జట్టును కొన్నదే 2.4 బిలియన్లకు.

బ్రాంక్స్ భీముడు
9 డిసెంబర్ 2024, ఉదయం 10.41

కాఫీ తాగి ఏమి సాధించారు? 2023లో ఇద్దరు పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్లు: షర్జర్‌కు ఏడాదికి 43.3, వర్లాండర్‌కు ఏడాదికి 43.3. నలభై దాటిన వర్లాండర్, నలభైకి చేరువైన షర్జర్. చివరికి 75 గెలుపులు, 87 ఓటములు. ఆగస్టు 1 కల్లా ఇద్దరినీ వేరే ఊళ్లకు పంపించేశారు. ఆ జట్టు ఇప్పటికీ బాబీ బోనియాకు ప్రతి జులై 1న డబ్బు పంపుతోంది. 2001 తర్వాత బ్యాటు పట్టని మనిషికి!

క్వీన్స్ కోమలి
9 డిసెంబర్ 2024, ఉదయం 11.10

బోనియా పేరు ఎత్తకుండా మీ పూట గడవదని తెలుసు భీముడు గారూ. అది పాత యజమానుల నిర్వాకం. మాస్టారూ, ఆ లెక్క కొత్తవాళ్లకు ఒకసారి చెప్పండి, లేకపోతే అదేదో మేము దానధర్మాలు చేస్తున్నట్టు ఊరంతా ప్రచారం చేస్తారు.

లెక్కల మాస్టారు
9 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1.20

2000లో బోనియాను వదిలించుకోవడానికి మెట్స్ 5.9 మిలియన్లు ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికప్పుడు ఇవ్వడం ఇష్టం లేక 8 శాతం వడ్డీ కట్టి, 2011 నుంచి 2035 దాకా ఏటా 1.19 మిలియన్ల చొప్పున ఇస్తామన్నారు. మొత్తం దాదాపు 30 మిలియన్లు. అప్పటి యజమానులు తమ డబ్బును బెర్నార్డ్ మేడాఫ్ దగ్గర పెట్టి ఉన్నారు. అక్కడ అంతకంటే ఎక్కువ వస్తుందని నమ్మారు. మేడాఫ్ చేసిన మోసం 2008లో లోకానికి తెలిసింది. బోనియా మాత్రం 72 ఏళ్లు వచ్చేదాకా జులై ఒకటో తేదీన నిశ్చింతగా నిద్ర లేస్తాడు.

ఇప్పుడు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో జపాన్ ఆటగాడు ఒహ్తానీ కుదుర్చుకున్న లెక్క చూడండి, అది సరిగ్గా తిరగేసినది. 700 మిలియన్లు అని పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. పదేళ్లు ఆడుతూ తీసుకునేది ఏడాదికి 2 మిలియన్లే. మిగతా 680ని 2034 నుంచి 2043 దాకా ఏటా 68 చొప్పున ఇస్తారు. వడ్డీ లేదు! మా నాన్నగారు 1980ల్లో ఒక పాలసీ కట్టారు. గడువు తీరాక వచ్చే డబ్బుతో స్కూటరు కొంటానని మా అమ్మకు మాట ఇచ్చారు. చేతికి వచ్చేనాటికి ఆ డబ్బుకు సైకిలు, దానికి ఒక తాళం వచ్చాయి. ఒహ్తానీ 700 కూడా అంతే. పన్ను లెక్కలకు లీగు దానిని ఏడాదికి 46 చొప్పునే కట్టింది. ఆ లెక్కన నిన్నటి సోటో ఒప్పందం ఒహ్తానీ కంటే ఎంతో పెద్దది, కొద్దిగా కాదు.

మిస్సిసాగా మూర్తి
9 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 2.05

ఒహ్తానీ మాట వచ్చింది కాబట్టి నా పుండు మీద కారం చల్లినట్టయింది. ఈ సోటో వ్యవహారంలో కూడా మా టొరంటో జట్టు బ్లూ జేస్ పేరు వారం రోజులు నలిగింది. నేను ఒక్క వార్త కూడా తెరవలేదు. ఎందుకో చెబుతాను.

పోయిన ఏడాది డిసెంబర్ 8, శుక్రవారం. మిత్రుల ఇంట్లో అయ్యప్ప పడిపూజ. నేను మాలలో ఉన్నాను, నల్లబట్టలు, మెడలో మాల. ఒహ్తానీ టొరంటో విమానం ఎక్కాడని మధ్యాహ్నం వార్త పొక్కింది. అనాహైమ్ దగ్గరి విమానాశ్రయం నుంచి ఒక ప్రైవేటు జెట్ బయలుదేరింది, టొరంటో వైపు వస్తోంది. ఫోనులో ఆ చిన్న పసుపు విమానం బొమ్మ. శరణుఘోష జరుగుతూ ఉంటే అంగవస్త్రం కింద ఫోను పెట్టుకుని చూస్తున్నాను. ఒక మెట్టుకు దీపం వెలిగించేసరికి విమానం ఇంకో రాష్ట్రం దాటుతోంది. నా పక్కన కూర్చున్న కుర్రాడు, వాడూ మాలలోనే ఉన్నాడు, మెల్లగా వంగి 'స్వామీ, ఎక్కడి దాకా వచ్చాడు' అని అడిగాడు. ఇంతలో ఇంకో భోగట్టా: మా పిచ్చర్ కికుచి స్టేడియం దగ్గర సుషీ హోటలు మొత్తం మాట్లాడుకున్నాడట. ఇంకేముంది, విందు ఖాయం అనుకున్నాము.

విమానం దిగింది. అందులోంచి దిగింది రాబర్ట్ హెర్యవెక్. టీవీలో కనిపించే కెనడా వ్యాపారి. పిల్లలతో ఇంటికి వచ్చాడు పాపం. మరుసటి రోజు ఒహ్తానీ తానే డాడ్జర్స్ అని ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు, మేము అప్పటికి కొడుక్కి పేరే కాదు, బడి కూడా చూసేశాము. ఆ రోజు ఆ స్వామి ముందే ఒట్టు పెట్టుకున్నాను, చలికాలం వదంతులు ఇక ముట్టనని.

బ్రాంక్స్ భీముడు
9 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 2.20

మూర్తి స్వామీ, మీకు విమానం, మాకు 'ఆర్సన్ జడ్జ్'. 2022లో ఒక పేరున్న విలేకరి మా యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు వెళ్తున్నట్టు కనిపిస్తోందని రాశాడు, తొందరలో పేరు కూడా తప్పు పడింది. ఆర్సన్ అంటే ఇల్లు తగలబెట్టడం. కొన్ని నిమిషాల్లో వెనక్కి తీసుకున్నాడు కానీ ఆ కొన్ని నిమిషాల్లో నాకు బీపీ మాత్ర అవసరమైంది. మరుసటి రోజు జడ్జ్ మాతోనే 9 ఏళ్లకు 360.

అర్లింగ్టన్ అప్పారావు
9 డిసెంబర్ 2024, రాత్రి 9.48

జట్లూ ఏజెంట్లూ బేరాలకు కలిసే బేస్‌బాల్ శీతాకాల సమావేశాలు ఈ ఏడాది మా డాలస్‌లోనే. ఆఫీసు నుంచి వస్తూ ఆ హోటలు లాబీలో గంటసేపు తిరిగి వచ్చాను, ఎవరూ ఆపలేదు. చూసింది చెబుతాను.

రహస్యాలు జరిగే చోటులా లేదు, పెళ్లివారి విడిదిలా ఉంది. మగపెళ్లివారు ఒక మూల, ఆడపెళ్లివారు ఒక మూల. విలేకరులంతా గోడ పక్కన కూర్చున్నారు, ఎందుకో మొదట అర్థం కాలేదు. ఫోను చార్జింగ్ ప్లగ్గులు గోడకే ఉన్నాయి! ఇద్దరు ఏజెంట్లు లిఫ్టు దగ్గర నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. వాళ్లను చూస్తూ పాతికమంది ఫోనుల్లో ఏదో టైపు చేస్తున్నారు. దగ్గరికి వెళ్లి విన్నాను. మోకాలి నొప్పికి ఏ డాక్టరు మంచివాడో మాట్లాడుకుంటున్నారు.

ఏజెంటు అంటే మన పెళ్లిళ్ల పేరయ్య. 'మీ అబ్బాయి బాగానే ఉన్నాడండీ, కానీ అమ్మాయికి ఇంకొక మంచి సంబంధం కూడా వచ్చింది' అంటాడే, అదే ఇక్కడ 'అజ్ఞాత జట్టు'. సోటో ఏజెంటు స్కాట్ బొరాస్ ఈ విద్యలో ఆరితేరినవాడు. వదంతి పుట్టించేవాడికి లాభం, మోసేవాడికి లాభం. ఖర్చు మన నిద్రదే.

ఇక అలెక్స్ రోడ్రిగెజ్ గురించి మాస్టారు సగమే చెప్పారు. మిగతా సగం మా ఊరిది, నేను చెప్పాలి. అతను ఇక్కడ ఆడిన మూడేళ్లలో 52, 57, 47 హోమ్ రన్లు కొట్టాడు. 2003లో లీగులో అత్యుత్తమ ఆటగాడు. ఆ మూడేళ్లూ రేంజర్స్ డివిజన్‌లో ఆఖరు స్థానం! మనిషి తప్పు ఏమీ లేదు. ఇంటికి బంగారు తలుపు చేయించారు, గోడలు కట్టడం మరిచిపోయారు. బంతి వేసేవాళ్లు లేరు. 2004లో యాంకీస్‌కు అప్పగిస్తూ, తీసుకెళ్లినందుకు ఎదురు 67 మిలియన్లు ఇస్తామని ఒప్పుకున్నారు. 2010లో క్లబ్బు దివాలా పిటిషను వేసినప్పుడు అప్పులవాళ్ల జాబితాలో మొదటి పేరు ఎవరిదో తెలుసా? రోడ్రిగెజ్‌దే, దాదాపు 25 మిలియన్లు. ఆరేళ్ల క్రితం ఊరు వదిలిన మనిషికి!

కొత్త కుందేలు
9 డిసెంబర్ 2024, రాత్రి 10.15

అర్థమైంది. ఒకే మనిషికి అంత పోస్తే మిగతావాళ్లకు ఉండదు. అయితే ఎప్పుడూ నష్టమే అంటారా? పోయిన ఐపీఎల్‌లో కోల్‌కతా మిచెల్ స్టార్క్‌కు 24.75 కోట్లు ఇస్తే లీగు దశంతా నవ్వాము. మన సన్‌రైజర్స్‌తో మొదటి క్వాలిఫయర్‌లో రెండో బంతికే హెడ్ వికెట్టు, ఫైనల్లో మొదటి ఓవర్లోనే అభిషేక్ వికెట్టు తీశాడు. మాకు నవ్వు ఆగిపోయింది.

సెయింట్ లూయిస్ సుజాత
10 డిసెంబర్ 2024, ఉదయం 7.30

నేను ఆల్బర్ట్ పుహోల్స్ గురించి రాయాలి. మా ఊళ్లో 11 ఏళ్లు ఆడాడు. మూడుసార్లు లీగు అత్యుత్తమ ఆటగాడు, రెండు వరల్డ్ సిరీస్‌లు. 2011 డిసెంబర్‌లో ఏంజిల్స్ 10 ఏళ్లకు 240 ఇచ్చి తీసుకుపోయింది. మా వాళ్లు అంత ఇవ్వలేదు. నేను ఆ రోజు కార్డినల్స్ యాజమాన్యాన్ని తిట్టని తిట్టు లేదు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని ఉత్తరం కూడా రాశాను, ఇంగ్లీషులో ఆ సామెత నిలబడలేదు.

తర్వాత ఏమైంది? కొత్త జట్టులో మొదటి సీజనుకే అతనికి 32 ఏళ్లు. ఆ పదేళ్లలో ఏంజిల్స్ ప్లేఆఫ్‌లో ఒక్క ఆట కూడా గెలవలేదు. 2021 మేలో, ఒప్పందం ఇంకా కొన్ని నెలలు ఉండగానే, వదిలేశారు. మా వాళ్ల లెక్క సరైనదే. ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

అయితే 2022లో మళ్లీ మా ఊరికే వచ్చాడు, అతి తక్కువ జీతానికి. 700వ హోమ్ రన్ మా చొక్కాలోనే కొట్టాడు. ఆ వేసవి నేను కొన్న టికెట్ల లెక్క మా వారికి ఇప్పటికీ తెలియదు. ఈ వేదికలో ఆయన లేరు కాబట్టి రాస్తున్నాను.

లెక్కల మాస్టారు
10 డిసెంబర్ 2024, ఉదయం 9.05

సుజాత గారు రాసినది బంగారం. దానికి జోడిగా నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. 2019 డిసెంబర్, శాన్ డియాగో సమావేశాలు. మూడు రోజుల్లో మూడు ఒప్పందాలు. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు 7 ఏళ్లకు 245. గెరిట్ కోల్‌కు 9 ఏళ్లకు 324. ఆంథొనీ రెండన్‌కు 7 ఏళ్లకు 245. ముగ్గురికీ ఏజెంటు బొరాసే. కూడితే 814.

అయిదేళ్లు గడిచాయి. స్ట్రాస్‌బర్గ్ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన నెలకే సంతకం పెట్టాడు. ఆ సంతకం తర్వాత ఆడినవి మొత్తం 8 ఆటలు. భుజం, నరాలు, ఆపరేషన్లు. ఈ ఏడాది రిటైర్ అయ్యాడు. రెండన్ ఏంజిల్స్‌లో ఏ సీజనులోనూ 58 ఆటలు దాటలేదు. కోల్ ఒక్కడే నిలబడ్డాడు, 2023లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు.

ఆ రోజు ఎవరైనా ఈ ముగ్గురిలో ఎవరు నిలబడతారో చెప్పగలిగారా? నాకైతే రెండన్ అనిపించింది. పిచ్చర్ భుజం గాజు గిన్నె, బ్యాటరును నమ్ముకోవాలి అని ఇదే వేదికలో పెద్ద పోస్టు రాశాను. ఎవరూ వెతక్కండి, దయచేసి.

పిట్స్‌బర్గ్ పానకాలు
10 డిసెంబర్ 2024, ఉదయం 9.22

వెతికాను మాస్టారూ. 'రెండన్ మోకాళ్లు ఇనుప స్తంభాలు' అన్నారు.

లెక్కల మాస్టారు
10 డిసెంబర్ 2024, ఉదయం 9.24

స్తంభాలే. కదలవు.

పిట్స్‌బర్గ్ పానకాలు
10 డిసెంబర్ 2024, ఉదయం 11.50

మీ అందరి గొడవా కలిగినవాళ్ల గొడవ. మంచి ఒప్పందమా, చెడ్డ ఒప్పందమా అని. మాకు ఆ భాగ్యం ఎక్కడిది? మా పిచ్చర్ పాల్ స్కీన్స్ ఈ ఏడాది లీగులో ఉత్తమ కొత్త ఆటగాడు. అతనికి 2029 సీజను తర్వాత స్వేచ్ఛ వస్తుంది. ఇప్పటి నుంచే మా వీధిలో దిగులు. పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరుడి గుడి ఉంది, 1970ల నుంచీ అమెరికా నలుమూలల నుంచీ మనవాళ్లు వచ్చి మొక్కుకునేవారు. నేనూ మొక్కుకున్నాను, తలనీలాలు కూడా ఒప్పుకున్నాను. యజమాని మనసు మార్చమని కాదు. అది స్వామికి కూడా కష్టం. యజమాని జట్టును అమ్మేయాలని.

పెద్ద ఒప్పందాల వల్లే టికెట్టు ధర పెరుగుతోందని మా ఆఫీసులో అంటూ ఉంటారు. అదే నిజమైతే మా స్టేడియంలో ఆట ఉచితంగా చూపించాలి కదా?

బ్రాంక్స్ భీముడు
10 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 12.10

స్కీన్స్ గురించి దిగులు పడకండి. 2029 తర్వాత మేము బాగా చూసుకుంటాము.

అర్లింగ్టన్ అప్పారావు
10 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 12.30

పానకాలు గారి ప్రశ్న సరైనది. వేసవిలో ఆవకాయ కాయ ధర తోటలో కూలిని బట్టి పెరగదు, కొనడానికి వచ్చిన ఆడవాళ్ల తొందరను బట్టి పెరుగుతుంది. స్టేడియం టికెట్టూ అంతే. సోటో జీతం ఇవ్వకపోయినా ఆ డబ్బు మన జేబులోకి రాదు, యజమాని జేబులోనే ఉంటుంది. నాకు ఎవరి జేబు ఇష్టమంటే, బంతి కొట్టేవాడి జేబే.

ఓక్లండ్ అనాథ
10 డిసెంబర్ 2024, సాయంత్రం 4.15

చాలా రోజుల తర్వాత వచ్చాను. సెప్టెంబర్ 26న మా అథ్లెటిక్స్ జట్టు ఆఖరి ఆట మా కొలీజియం స్టేడియంలో చూసి వచ్చాక ఇటు రాలేదు. జట్టు వచ్చే ఏడాది శాక్రమెంటో, తర్వాత లాస్ వేగాస్ అంటున్నారు.

ఒక్క వార్త చెప్పి వెళతాను. పోయిన గురువారం మా జట్టు, అంటే ఒకప్పటి మా జట్టు, లూయిస్ సెవరినోకు 3 ఏళ్లకు 67 మిలియన్లు ఇచ్చింది. క్లబ్బు చరిత్రలోనే అతి పెద్ద ఒప్పందం. అంతకు ముందు రికార్డు 2004లో ఎరిక్ చావెజ్‌ది, 66. ఇరవై ఏళ్లు మా ఊళ్లో ఉండి ఒక్క మిలియను పెంచలేనివాళ్లు, సామాను సర్దుకోగానే పెట్టె తెరిచారు. కోమలి గారూ, మీ యజమాని ఎక్కువ ఇచ్చాడని మీరు సిగ్గుపడవలసిన పని లేదు. ఎక్కువ ఇచ్చి చెడిపోయిన ఊళ్లను చూశాను. ఇవ్వక ఖాళీ అయిన ఊరిలో ఉంటున్నాను.

క్వీన్స్ కోమలి
10 డిసెంబర్ 2024, రాత్రి 8.50

అనాథ గారూ, ఏమి రాయాలో తెలియలేదు. ఎప్పుడైనా న్యూయార్క్ వస్తే చెప్పండి, టికెట్టు నాది, పులిహోర నాది.

ఈ వాదనల్లో పడి అసలు సంగతి ఎవరూ మాట్లాడలేదు. సోటో బ్యాటింగ్ చూశారా మీరు? జూన్‌లో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. మెట్స్, యాంకీస్ ఆటకు తీసుకెళ్లాను, పైవరుసలో కూర్చున్నాము. ఆయనకు బేస్‌బాల్ తెలియదు. సోటో వచ్చాడు. బంతి వచ్చింది, వదిలేశాడు. వదిలేసి, పాదంతో మట్టిని ఇటు నుంచి అటు రాశాడు. పిచ్చర్ కళ్లలోకి చూస్తూ, తల ఊపుతూ. మళ్లీ బంతి. మళ్లీ వదిలేశాడు, మళ్లీ మట్టి. నాన్న వేరుశనగలు ఒలుచుకోవడం ఆపేశారు. 'కొట్టని బంతికి ఇంత ఠీవి ఏమిటమ్మా?' అన్నారు. నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే మొదటి బేస్‌కు నడిచి వెళ్లవచ్చని చెప్పాను. కాసేపు ఆలోచించి, 'అంటే వద్దనడానికి కూడా జీతం ఇస్తారన్నమాట' అన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసిన మనిషి, ఆయనకు అది బాగా నచ్చింది.

2024లో సోటో అలా 129 సార్లు నడిచాడు. మాస్టారూ, బ్యాటు వేగం ముప్పై అయిదేళ్లకు తగ్గుతుంది. కన్ను అంత త్వరగా తగ్గదు. మేము కొన్నది కన్ను.

బ్రాంక్స్ భీముడు
10 డిసెంబర్ 2024, రాత్రి 9.30

కన్ను కోసం 765 అయితే మా ఊళ్లో శంకర నేత్రాలయ పెట్టేవాళ్లం. మేము ఈ రోజే మ్యాక్స్ ఫ్రీడ్‌ను తీసుకున్నాము, 8 ఏళ్లకు 218. ఎడమచేతి పిచ్చర్. సోటో పోతే పోయాడు, ఆ డబ్బుతో నలుగురు వస్తారు.

క్వీన్స్ కోమలి
10 డిసెంబర్ 2024, రాత్రి 9.38

జనవరిలో 31 నిండే పిచ్చర్‌కు 8 ఏళ్లు! నిన్న మాకు వివేకం బోధించింది మీరే కదా? ద్రాక్ష అందలేదని

నిర్వాహకుడు
10 డిసెంబర్ 2024, రాత్రి 10.45

భీముడు గారూ, కోమలి గారూ, దీని తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాను. అందులో ఒక పోస్టు నాకు బాగా నచ్చింది, అయినా తీసేశాను. చర్చను రెండు రోజులు మూస్తున్నాను.

పిట్స్‌బర్గ్ పానకాలు
29 సెప్టెంబర్ 2025, ఉదయం 6.35

పాత చర్చను తవ్వినందుకు క్షమించాలి. నిన్నటితో సీజను అయిపోయింది. మెట్స్ మయామీలో ఓడిపోయి 83 గెలుపులు, 79 ఓటములతో ఆగింది. సిన్సినాటి కూడా సరిగ్గా 83, 79. పరస్పరం ఆడిన ఆటల్లో వాళ్లదే పైచేయి కాబట్టి ప్లేఆఫ్‌కు వాళ్లు వెళ్లారు. జూన్ మధ్యలో లీగు మొత్తం మీద మెట్స్‌దే మొదటి స్థానం. కోమలి గారూ, ఉన్నారా?

మా సంగతి అడగకండి. 71, 91. స్కీన్స్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.97, గెలుపులు పది, ఓటములు పది. అంత గొప్పగా బంతి వేసి పది ఓటములు మూటగట్టుకోవాలంటే మా జట్టులోనే ఉండాలి.

బ్రాంక్స్ భీముడు
29 సెప్టెంబర్ 2025, ఉదయం 7.10

నేను ఏమీ అనను. మార్చిలోనే మా కోల్ మోచేతికి ఆపరేషను జరిగి ఏడాదంతా ఆడలేదు. మాస్టారు చెప్పిన ముగ్గురిలో నిలబడ్డవాడు కూడా పడ్డాడు. ఫ్రీడ్ మాత్రం 19 ఆటలు గెలిచాడు. ఇది అనడం కిందికి రాదు, సమాచారం.

లెక్కల మాస్టారు
29 సెప్టెంబర్ 2025, ఉదయం 9.20

సోటో లెక్క కూడా రాద్దాం, న్యాయం న్యాయమే. 43 హోమ్ రన్లు, ఇది అతని జీవితంలో అత్యధికం. 127 వాక్‌లు, అంటే బంతులు వదిలేసి నడిచినవి. 38 బేస్‌లు దొంగిలించాడు, అంటే పిచ్చర్ కన్ను గప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తాడు. దొంగతనం అతని విద్య కాదని అందరూ అన్నారు. 51 మిలియన్లకు రావలసిన సరుకు వచ్చింది. అప్పారావు గారి మాటే ఎదురైంది: తలుపు బంగారమే, వేసవి వేడికి గోడలు బీటలు వారాయి. ఆఖరి మూడు నెలలూ మెట్స్ బంతి వేసేవాళ్ల కోసం అంగలార్చింది.

కోమలి గారు రాసే దాకా మనం ఆగుదాం.

క్వీన్స్ కోమలి
29 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 12.40

ఉన్నాను. నిన్న టీవీ కట్టేసి బట్టలు మడతపెట్టాను, అంతకు మించి ఏమీ చేయలేదు. ఉదయం నాన్న ఫోను చేశారు. 'వద్దనే కుర్రాడు గెలిచాడా?' అని అడిగారు. అతను బాగానే ఆడాడు నాన్నా, జట్టే ఓడిపోయింది అన్నాను. 'ఇంకా ఎన్నేళ్లు ఉంటాడు?' అన్నారు. పద్నాలుగు అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అయితే నేను వచ్చే వేసవికి వస్తానులే, తొందర లేదు' అన్నారు.

కొత్త కుందేలు
29 సెప్టెంబర్ 2025, మధ్యాహ్నం 1.15

కోమలి గారూ, మా 27 కోట్ల పంత్ సీజనంతా పరుగుల కోసం వెతుక్కుని ఆఖరి ఆటలో వంద కొట్టి పల్టీ వేశాడు. అప్పటికి జట్టు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయింది. మీ బాధ నాకు తెలుసు.

మిస్సిసాగా మూర్తి
29 సెప్టెంబర్ 2025, సాయంత్రం 5.30

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో మా వ్లదిమీర్ గెరేరో జూనియర్‌కు 14 ఏళ్లకు 500 మిలియన్లు ఇచ్చినప్పుడు నేను ఇక్కడ ఒక్క అక్షరం రాయలేదు, దిష్టి తగులుతుందని. నిన్న డివిజన్ గెలిచాము. యాంకీస్‌కూ మాకూ సమానంగా 94 గెలుపులు, పరస్పర ఆటల్లో మాదే పైచేయి. భీముడు గారు క్షమించాలి.

ఇంకొక చిన్న విషయం. ఈ చలికాలం బ్యాటరు కైల్ టక్కర్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు కదా. మా వాళ్లు కన్నేశారని ఒక భోగట్టా. నేను వదంతులు ముట్టనని మీకు తెలుసు. ఊరికే అడుగుతున్నాను. ఎవరికైనా ఏమైనా తెలిసిందా?

అర్లింగ్టన్ అప్పారావు
29 సెప్టెంబర్ 2025, సాయంత్రం 5.34

విమానం నంబరు పంపమంటారా స్వామీ?